గనేరియా మందులకి తగ్గలేదు, కల్చర్ టెస్ట్ నెల్లూరులోనా ఒంగోలులోనా?

అన్నా, మాది కావలి, నాకు 31 ఏళ్లు, గనేరియా (ఒక సుఖవ్యాధి) వచ్చింది. మూత్రం పోసేటప్పుడు మంట, పొద్దున లేవగానే పచ్చగా చీము. మొదట మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు, ఏం మారలేదు. తర్వాత ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో గ్రే కిట్ ఇచ్చారు, అంటే సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ 1 గ్రాము, చెప్పినట్టే ఒకేసారి వేసుకున్నా. మంట రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది, ఇప్పటికి పది రోజులు. నా భార్యకీ అదే రోజు మందులు ఇప్పించాను, అప్పటినుంచీ కలవలేదు, కాబట్టి మళ్లీ అంటుకుందనుకోను.

డాక్టరు రెండు విషయాలు గుచ్చిగుచ్చి అడిగారు, ఈమధ్య యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడావా, విదేశాలకి వెళ్లొచ్చావా అని. రెండూ అవుననే చెప్పాను, జ్వరాలకి అజిత్రోమైసిన్ వాడాను, దుబాయ్ నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మందులకి లొంగని రకం అయ్యుండొచ్చు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వేసేముందే శాంపిల్ తీసి కల్చర్, సెన్సిటివిటీ (క్రిమిని ల్యాబ్‌లో పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే టెస్ట్) చేయించమన్నారు. ఇక్కడి ల్యాబ్‌లో మూత్రం పీసీఆర్ ఒక్కటే చేస్తామంటున్నారు, అది క్రిమి ఉందో లేదో చెబుతుంది గానీ ఏ మందు పనిచేస్తుందో చెప్పదు కదా, అదే నా టెన్షన్. పైగా ఈ క్రిమి బయట త్వరగా చచ్చిపోతుందంట, శాంపిల్ దూరం పంపితే లాభం లేదు.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ గనేరియాకి స్వాబ్ తీసి అక్కడికక్కడే కల్చర్, సెన్సిటివిటీ చేసే చోటు ఎక్కడుంది?