మనూరు మనూరిలా కనపడే సినిమా ఏదైనా ఉందా?

రావులపాలెం కుర్రోడు:
హైదరాబాద్‌లో ఉద్యోగం. రూమ్మేట్లిద్దరూ తెలంగాణ వాళ్ళు. వాళ్ళ పల్లె సినిమా బలగం చూపించి నన్ను ఏడిపించి, ఇప్పుడు "మీ గోదావరోళ్ళకి అలాంటిదొకటి ఉందా?" అని వెక్కిరిస్తున్నారు. కొబ్బరిచెట్లు, పంచెకట్లు, ఆయ్ అనగానే నవ్వాలనే కామెడీ కాకుండా, చూస్తే ఇది మా ఊరే అనిపించేవి చెప్పండి. సీరియలైనా పర్లేదు. శతమానం భవతి వేద్దామనుకుంటున్నాను, మా అమ్మకి ప్రాణం అది. మొహమాటం లేకుండా చెప్పాలి.

అంబాజీపేట అక్క:
మొహమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నాను తమ్ముడూ. మాది కొబ్బరికాయల కొట్టు. పగలంతా లెక్కలు, రాత్రి టీవీ. నచ్చకపోయినా చివరిదాకా చూసి మరీ తిట్టే రకాన్ని.

ముందు ఒక సంగతి. గోదావరి సినిమాలని మనం మురిసిపోయేవాటిలో చాలా వాటికి మన డెల్టాతో సంబంధం లేదు. అందాల రాముడులో (1973) పడవ రాజమండ్రిలో బయల్దేరి భద్రాచలం పోతుంది. శేఖర్ కమ్ముల గోదావరిలో (2006) లాంచీదీ అదే దారి. రెండూ ఎగువకే. డెల్టా మొదలయ్యేదే ధవళేశ్వరం ఆనకట్టకి దిగువన. కొవ్వూరు పక్కన కుమారదేవంలో సినిమా చెట్టని ఓ నిద్రగన్నేరు ఉండేది కదా, 2024 ఆగస్టులో కూలిపోతే అందరూ అయ్యో అన్నారు, అది కూడా ఆనకట్టకి పైనే. కెమెరాకి పాపికొండలు కావాలి. లంకల్లోకి, అంతర్వేది దాకా దిగి వచ్చేవాళ్ళు తక్కువ. గోదావరి సినిమా నాకిష్టమే, ఆ కుక్కపిల్ల కోటిగాడి మాటలకి ఇప్పటికీ నవ్వుతాను. కానీ అందులో ఉన్నది ప్రయాణికులు. ఒడ్డున ఉన్నోళ్ళ గోల వాళ్ళకెందుకు?

ఇక శతమానం భవతి. మీ అమ్మగారు ఏమీ అనుకోకూడదు. ఆత్రేయపురం పేరు పెట్టారు, సంతోషం. విదేశాల్లో స్థిరపడ్డ పిల్లల్ని పండక్కి రప్పించడానికి తండ్రి విడాకుల మాట ఎత్తుతాడు. జయసుధ కనిపించినంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే చూశాను, అది ఆవిడ గొప్పతనం. సినిమాకి జాతీయ అవార్డు కూడా ఇచ్చారు. సరే, మన కోనసీమలో ఊరొదిలి వెళ్ళేది డాలర్లు సంపాదించే కొడుకులేనా? కువైట్‌కో మస్కట్‌కో ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. పిల్లలు అమ్మమ్మ దగ్గర. మొన్న ఒకావిడ అక్కడ్నుంచి ఫోనులో తన తల్లికి చెప్తోంది, మా అరుగు మీదే: "రిబ్బను కిందనుంచి తియ్యమ్మా, అలా కాదు, ఫోను ఇటు తిప్పు, నన్ను చూడనీ." ముసలావిడకి ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో జడ. ఆ పిల్లేమో తల్లి మొహం కేసి చూడనే చూడదు, ధ్యాసంతా చేతిలో జీళ్ళ పొట్లం మీదే. సంక్రాంతికి రాని కొడుకు కథ ఎన్నిసార్లయినా తీస్తారు, సెలవు దొరకని ఈ తల్లి కథ ఒక్కరూ తియ్యరు.

మీవాళ్ళకి చూపించాలంటే నేను బాపుగారి సాక్షి (1967) చెప్తాను. ఆయన మొదటి సినిమా. మన ఆత్రేయపురం పక్కన పులిదిండిలో తీశారు, కృష్ణ, విజయనిర్మల, మొహాలకి మేకప్ లేదు. హత్య చూసిన ఓ పిరికి పడవవాడు కోర్టులో నిజం చెప్తాడు. శిక్ష పడ్డవాడు చంపుతానని తిరిగొస్తుంటే ఊళ్ళో ఒక్కడు తోడు రాడు. ఊరంటే అమాయకులు, ఆప్యాయతలు అని ఊదరగొట్టే సినిమాలన్నీ దాని ముందు దిగదుడుపే. మనూళ్ళో పెద్దమనుషులు తలుపేసుకోవడం నేను కళ్ళారా చూశాను, అంతకంటే ఇక్కడ రాయను.

రంగస్థలం (2018) కూడా చూపించు. ఊరు హైదరాబాద్‌లో వేసిన సెట్టే. అయినా సొసైటీ అప్పులు, ముప్పై ఏళ్ళుగా దిగని ప్రెసిడెంటు, చెవులు సరిగ్గా వినపడకపోయినా ఊరందరి విషయాల్లో దూరే చిట్టిబాబు, ఇవి సెట్టు కాదు. సుకుమార్‌ది మట్టపర్రు, మా రాజోలు వైపే, అందుకని పొగుడుతున్నాననుకుంటే అనుకో. పాటలు రెండు తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది.

లేడీస్ టైలర్ (1986) మాత్రం వాళ్ళ ముందు వెయ్యకు. ఇళయరాజా పాటలు వేరే లెవెలు, వంశీకి ఈ ఊళ్ళు అరచేతిలో గీతలు. కానీ పుట్టుమచ్చ కోసం ఆడాళ్ళ వెంట పడే కథ ఇప్పుడు చూస్తుంటే నవ్వు మధ్యలో ఆగిపోతోంది. మా ఆయన ఒప్పుకోడు.

ఇంకోటి, సినిమాల్లో కొబ్బరిచెట్టు డ్యూయెట్లకే పనికొస్తుంది. కాయల దింపు ఏది, ఒలుపు ఏది? నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, ఒక్క విరుపు, పక్కకి తిప్పి ఇంకో విరుపు, డొక్క ఊడొస్తుంది. మా కొట్లో ఒలుపు చేసేవాళ్ళ అరచేతులు చూస్తే తోలు నల్లగా బండబారి ఉంటుంది. ఆ చేతుల్ని దగ్గరగా చూపించిన షాటు నా కంటపడలేదు.

భీమవరం చెరువుగట్టు:
అక్కగారూ, దణ్ణం. కాస్త సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు (2013) మీద దయ ఉంచండి. ఆ కథ జరిగే రేలంగి మా పశ్చిమ గోదావరే. అన్నదమ్ములిద్దరూ పనీపాటా లేకుండా తిరుగుతుంటే ఇల్లు ఎలా గడుస్తుందో అర్థం కాదు, ఒప్పుకుంటాను. అయినా అన్నదమ్ములు మాట్లాడుకోకుండానే పోట్లాడుకోవడం ఉంది చూశారూ, అది మా ఇంట్లో తీసినట్టే ఉంటుంది.

మీ గునపం మాట నిజమేనండి. మా వైపు వరి చేలు రొయ్యల చెరువులైపోయాయి, సినిమావాళ్ళకి ఇంకా పచ్చటి చేలే కనపడతాయి. రాత్రి రెండింటికి కరెంటు పోతే నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగుతాయి, జనరేటరు అందుకునేలోపే రొయ్య నీటి మీదకి తేలుతుంది. అప్పు మొత్తం కళ్ళముందే తేలుతున్నట్టు. అంతకంటే సస్పెన్సు ఏ థ్రిల్లర్లో ఉంది?

కాకినాడ పోర్టు:
కమిటీ కుర్రోళ్ళు (2024) ఎవరూ చెప్పలేదేం? రిజర్వేషన్ మాట మీద చిన్ననాటి స్నేహితులు చీలిపోవడం దాచకుండా తీశారు. జాతర సీన్లు గోలగోల, అయినా సరే. ఉప్పెన (2021) మా ఉప్పాడ తీరం, డెల్టా కాదని అక్క గొడవకొస్తారేమో. విజయ్ సేతుపతి కోసం ఒకసారి చూడొచ్చు, రెండోసారి నా వల్ల కాలేదు.

రావులపాలెం కుర్రోడు:
అక్కా, సీరియళ్ళ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. సంక్రాంతికి వస్తున్నాం సంగతేంటి?

అంబాజీపేట అక్క:
ఉప్పాడ డెల్టా కాదు, గొడవేం లేదు.

సంక్రాంతికి వస్తున్నాం (2025) థియేటర్లో చూశాం. హీరో పెళ్ళాం భాగ్యం మాట తీరు బాగుంది, మా తోడికోడలు అచ్చం అలాగే సాగదీస్తుంది. వాళ్ళ కొడుకు బుల్లిరాజు బూతులకి హాలంతా ఈలలు. నాకు మొదటిసారి నవ్వొచ్చింది, మూడోసారికి విసుగొచ్చింది. ఇంటికొచ్చాక మా మేనల్లుడు అవే మాటలు మొదలెడితే మా అత్తగారు చీపురు తీశారు.

సీరియళ్ళంటావా, కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా మా ఇంట్లో నడిచింది. అందులో హీరో డాక్టరు, పైగా పెళ్ళాం మీద అనుమానం. పరీక్ష ఒక్కటి చేయిస్తే నెలలో తేలిపోయే ముచ్చట! ఆ పెళ్ళాం వంటలక్క ఏడుస్తుంటే మా అత్తగారు అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చునేవారు. తిట్టుకుంటూనే నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ చూసేది మాత్రం అమృతం సీరియలే. గోదావరి కథ కాకపోతేనేం, హోటలు నడవక, ఓనరు అప్పాజీకి అద్దె కట్టలేక వాళ్ళు పడే పాట్లు మాలాంటి కొట్లవాళ్ళకి బాగా తెలుసు.

రావులపాలెం కుర్రోడు:
ఈ ఆదివారం సాక్షి, వచ్చే ఆదివారం రంగస్థలం. శతమానం భవతి నేను ఇంటికెళ్ళినప్పుడు అమ్మతోనే చూస్తాను, మీరన్నవేవీ ఆవిడకి చెప్పను.

అంబాజీపేట అక్క:
చెప్పు, ఫరవాలేదు. పోట్లాటకి రమ్మను, కాయ కొట్టి పెడతాను.