ఇంజన్ వేస్తేనే చుక్కాని పోస్టు దగ్గర నీళ్లు: నట్టు బిగిస్తే చాలా, బోటు ఎత్తించాలా?

మాగోతి బోటు:

అందరికీ నమస్కారం. మేం ఉండేది మేరీల్యాండ్‌లో. బోటు మాగోతి నది మీద ఒక మరీనాలో ఉంటుంది. 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్లూప్ (ఒకే కొయ్య ఉన్న తెరచాప పడవ), 1983లో తయారైంది, వీల్ స్టీరింగు, స్పేడ్ చుక్కాని, అంటే కింద ఆధారం లేకుండా తన ఇరుసు (పోస్టు) మీదే వేలాడేది. పోయిన దసరా టైములో కొన్నాం.

వెనక లాకర్ అడుగున నీళ్లు చేరుతున్నాయి. డాక్‌కి కట్టి ఉంచితే ఎన్ని రోజులైనా పొడిగానే ఉంటుంది. తేలిక గాలికి తెరచాప మీద తిరిగొచ్చినా అంతే. ఇంజన్ వేసి ఆరు నాట్ల వేగం పట్టించి బే బ్రిడ్జి దాకా వెళ్లొస్తే మాత్రం అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు మొదలెడుతుంది. వేలితో తీసి నాలుక్కి రాసుకుంటే ఉప్పు తగిలింది, కాబట్టి వాన నీళ్లు కావు, మంచినీళ్ల ట్యాంకూ కాదు.

లాకర్‌లోకి తలకిందులుగా దూరి టార్చి వేసి చూశా. బోటు అడుగు నుంచి పైకి, పోస్టు చుట్టూ ఫైబర్‌గ్లాస్ ట్యూబు, దాని మీద మందపాటి రబ్బరు హోసు, కిందా పైనా రెండేసి క్లాంపులు, హోసు పైన, పోస్టు చుట్టూ నీళ్లు రాకుండా ఆపే కంచు గ్లాండు. గ్లాండు మీద పెద్ద నట్టు, దాని కింద లాక్ నట్టు, రెండూ పచ్చటి చిలుము పట్టి ఒకే ముద్దలా ఉన్నాయి. పోస్టు మీద, సరిగ్గా నట్టు పైన, గోధుమ రంగు మరక. పోస్టు స్టెయిన్‌లెస్ స్టీలే, అయస్కాంతం అంటుకోలేదు.

యార్డు వాళ్లు బోటు ఎత్తి చుక్కాని దించాల్సిందే అంటున్నారు. ఎస్టిమేటు కాగితం చూసి మా ఆవిడ ఆ కాగితంతోనే పడవ చేసుకుని ఆడుకోమంది. నట్టు బిగిస్తే ఆగుతుందా? బోటు నీళ్లలో ఉండగా గ్లాండు లోపల కుక్కి ఉండే తాడు, అదే ప్యాకింగు, మార్చొచ్చా? మారిస్తే ఏ రకం వేయాలి?

కీమా గాలి:

అన్నా, లాక్ నట్టు వదులు చేసి పై నట్టు పావు తిప్పు బిగించండి, ఆగిపోతుంది. ప్యాకింగ్ మార్చాలనుకుంటే నల్లది వస్తుంది, గ్రాఫైట్ ది, అది వేసేయండి. మా గాల్వెస్టన్ బేలో చాలా మంది ప్రొపెల్లర్ షాఫ్టుకి అదే వాడతారు. జన్మలో మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

గాజువాక ఇంజన్ రూమ్:

మాగోతి తమ్ముడూ, నట్టు మీద స్పానర్ ఇప్పుడే పెట్టకు. ఓడల ఇంజన్ గదుల్లోనే నాకు జుట్టు నెరిసింది, ఇప్పుడు బాల్టిమోర్‌లో అబ్బాయి దగ్గరుంటున్నా. పెద్ద ఓడల్లో స్టీరింగ్ ఫ్లాట్ అనే గదిలో రడ్డర్ స్టాక్‌కి, అంటే చుక్కాని పోస్టుకి, ఉండే గ్లాండూ నీ దాని జాతే, సైజే తేడా.

కీలకమైన మాట నువ్వే రాశావు: డాక్ దగ్గర పొడి, ఇంజన్ మీద తడి. దీనికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఆరు నాట్ల దగ్గర నీ బోటు అమరం, అంటే వెనక భాగం, కిందికి కూర్చుంటుంది, వెనక అల లేస్తుంది, మామూలప్పుడు నీటి మట్టానికి పైనుండే ట్యూబూ హోసూ గ్లాండూ అప్పుడు మునుగుతాయి. రెండోది ఎవరూ అనుకోరు: ఇంజన్ తిరిగినప్పుడు మాత్రమే నీళ్లు పారే గొట్టం ఒకటి ఆ లాకర్‌లోంచే పోతుంది, ఎగ్జాస్ట్ హోసు. ఇంజన్ చల్లబరచిన ఉప్పునీరంతా పొగతో కలిసి దాంట్లోంచే వెనక్కి పోతుంది. ఆ గొట్టం పగిలినా, ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) దగ్గర దాని ఫిట్టింగు వదులైనా లక్షణాలు అచ్చం నువ్వు చెప్పినట్టే ఉంటాయి. చుక్కాని దించి, వేలు పోసి, మళ్లీ నీళ్లు చూసుకుని ఏడ్చిన వాళ్లున్నారు.

అందుకని ముందు లాకర్ శుభ్రంగా తుడిచి, డాక్‌కి కట్టేసే ఉంచి, న్యూట్రల్‌లో ఒక అరగంట ఇంజన్ తిప్పు. బోటు కదల్లేదు కాబట్టి అమరం కూర్చోదు. అప్పుడు తడి వచ్చిందంటే ఎగ్జాస్ట్, చుక్కానికి సంబంధం లేదు. పొడిగా ఉంటే గ్లాండు ట్యూబు వరస. అప్పుడు గ్లాండు చుట్టూ ఒకటి, పై క్లాంపుల కింద ఒకటి, కింది క్లాంపుల కింద ఒకటి, ట్యూబు బోటు అడుగుకి అతుక్కున్న చోట ఒకటి, టిష్యూ కాగితం పట్టీలు చుట్టి బయటికి వెళ్లు. ఏది ముందు తడిస్తే అక్కడ. హోసు మీద టాల్కం పౌడర్ చల్లినా నీటి చార కనిపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా లాకర్‌లో తల పెట్టాల్సొస్తే మూతలన్నీ తెరిచి ఉంచు. ఎగ్జాస్ట్ కారుతుంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా అక్కడే ఉంటుంది, దానికి వాసన ఉండదు. వీల్ తిప్పేవాడికి నువ్వు లోపలున్నట్టు తెలియాలి. పోస్టుని తిప్పే చక్రం ముక్క, అదే క్వాడ్రెంటు, దానికీ కేబుల్‌కీ మధ్య వేలు పడితే అది ఆగదు.

ఇక గ్లాండు. కీమా బాబు చెప్పింది ప్రొపెల్లర్ షాఫ్టు లెక్క. అది నిమిషానికి వందల సార్లు తిరుగుతుంది, చల్లబడటానికి చుక్క చుక్క కారాలి. చుక్కాని పోస్టు అటో 35 డిగ్రీలు, ఇటో 35 డిగ్రీలు, అంతే. వేడి పుట్టదు. దాని గ్లాండు ఒక్క చుక్క కూడా కారకూడదు. అయితే ఎండి గట్టిపడిన పాత ప్యాకింగుని బిగించుకుంటూ పోతే వీల్ బరువెక్కుతుంది, ఆటోపైలట్ మోటారు ఉడుకుతుంది, నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి.

గ్రాఫైట్ ప్యాకింగు ఉప్పునీటిలో నేను వెయ్యను. ఉప్పునీళ్లలో గ్రాఫైట్‌కీ స్టీలుకీ మధ్య కరెంటు పుడుతుంది, ఆ జోడీలో తినబడేది పోస్టే. చెసాపీక్ బే నీళ్లు సముద్రమంత ఉప్పు కాకపోయినా దానికి సరిపడా ఉప్పుంది. టెఫ్లాన్ పట్టించిన ఫ్లాక్స్ (అవిసె నార) ప్యాకింగు తీసుకో.

మార్చే పద్ధతి: ముందు రోజే నట్ల మీద తుప్పు వదిలే నూనె పోసి ఉంచు. రెండు స్పానర్లు కావాలి, ఒకటి గ్లాండు బాడీని కదలకుండా పట్టుకోడానికి. లేకపోతే నట్టుతో పాటు గ్లాండు తిరిగి కింద హోసు మెలిపడుతుంది. నట్టు పైకెత్తాక దానికీ క్వాడ్రెంటుకీ మధ్య చెయ్యి పట్టే చోటుందో లేదో ముందే చూసుకో. పాత ప్యాకింగు రింగులు తీయడానికి మరమేకులా మెలితిరిగిన మొనతో వంగే పుల్లర్ దొరుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి పోస్టుని గీకొద్దు, ఆ గీతలోంచే రేపు నీళ్లొస్తాయి. చివరి రింగు అడుగున నల్లబడి అతుక్కుని ఉంటుంది, అది గ్లాండులో భాగమే అనుకుని చాలా మంది వదిలేస్తారు. నట్టు లోపలి వ్యాసంలోంచి పోస్టు వ్యాసం తీసేసి సగం చేస్తే ప్యాకింగు సైజు. ఈ సైజు బోట్లలో పావు అంగుళం నుంచి 3/8 మధ్య ఉంటుంది. పోస్టు చుట్టూ చుట్టి కొత్త బ్లేడుతో ఏటవాలుగా కొయ్యి, ఒక్కో రింగూ విడివిడిగా వేసి నొక్కు. అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా మూడో వంతు చుట్టు తేడాతో పెట్టు. స్ప్రింగులా ఒకే తాడు చుట్టేసేవాళ్లున్నారు, ఆ మెలిక వెంట నీళ్లు ఎక్కుతాయి. చేత్తో బిగించి, స్పానర్‌తో కాస్త, వీల్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూసి, మళ్లీ కాస్త.

గ్లాండు పైభాగం డాక్ దగ్గర నీటికి పైనే ఉంది కాబట్టి ఇదంతా బోటు నీళ్లలో ఉండగానే చెయ్యొచ్చు. ఇంకాస్త ధైర్యం కావాలంటే బరువులు, మనుషులు అణియం (ముందు భాగం) వైపు. గ్రీజు పట్టించిన గుడ్డ పీలికలు పక్కనే ఉంచుకో, నీళ్లు కనబడితే పోస్టు చుట్టూ కుక్కడానికి.

ఆ గోధుమ మరక నాకు నచ్చలేదు. స్టెయిన్‌లెస్‌కి గాలి తగలాలి. తడి ప్యాకింగు కింద గాలాడని చోట దానికి గుంటలు పడతాయి. రింగులు తీశాక గోరుతో తడిమి చూడు. గోరు చిక్కుకునేంత గుంటలుంటే ఫోటో పెట్టు.

సియాటిల్ చలి:

లాకర్‌లో తల పెట్టడం ఎందుకండీ! నేనైతే ఫోన్‌లో వీడియో, టార్చి ఆన్ చేసి, గ్లాండుకి ఎదురుగా బంజీ తాడుతో కట్టి వచ్చేస్తా. తిరిగొచ్చాక వీడియో ముందుకు జరుపుతూ చూస్తే మొదటి చుక్క ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది. క్వాడ్రెంటు తిరిగే దారికి దూరంగా కట్టండి, అంతే.

మాగోతి బోటు:

బాబాయ్ గారూ, సియాటిల్ గారూ, ఇద్దరికీ థాంక్స్. న్యూట్రల్‌లో అరగంట తిప్పా, లాకర్ ఎడారి. శనివారం టిష్యూలు చుట్టి, ఫోన్ కట్టి, థామస్ పాయింట్ లైట్‌హౌస్ వైపు ఇంజన్ మీద వెళ్లాం. గ్లాండు చుట్టూ ఉన్న టిష్యూ చివరి దాకా పొడిగానే ఉంది! తడిసింది కింది క్లాంపుల దగ్గర. వీడియోలో ప్రతి అలకీ అక్కడ సన్నగా ఒక చార దిగుతోంది. చేత్తో తడిమితే వెనక వైపు, నాకు కనబడని చోట, ఒక క్లాంపు స్క్రూ తుప్పు పట్టి చేతిలోకి రాలిపోయింది. పట్టీ తళతళలాడుతోంది, స్క్రూ మాత్రం అయస్కాంతానికి అంటుకుంటోంది. రెండో క్లాంపు కింద హోసు అంచున చిన్న చిన్న పగుళ్లు. హోసు మార్చేస్తే అయిపోతుందా?

గాజువాక ఇంజన్ రూమ్:

దొరికింది కదా. క్లాంపులు నాలుగూ మార్చు, స్క్రూతో సహా 316 స్టీలువి. అమ్మేవాడి మాట వినకుండా స్క్రూకి అయస్కాంతం పెట్టి చూసి కొను. కింద రెండూ పెట్టేటప్పుడు స్క్రూలు ఎదురెదురుగా ఉండేలా తిప్పు, హోసు చుట్టూ ఒత్తిడి సమానంగా పడుతుంది. పాత రెండో క్లాంపు విప్పకముందే దాని పక్కన కొత్తది బిగించు.

హోసు మాత్రం ఇప్పుడు మారదు. అది పోస్టు మీద తొడిగి ఉంది. తీయాలంటే పోస్టు బయటికి రావాలి, అంటే చుక్కాని దిగాలి. యార్డు వాళ్లు చెప్పింది ఆ మేరకు నిజమే, కాకపోతే ఈ నెలలోనే అక్కర్లేదు. హోసుని నిలువునా కోసి చుట్టి జిగురు పెట్టమని ఎవరైనా చెబితే వినకు. నీళ్లలో ఉండగా పోస్టు పైచివర ఉన్న బోల్టుగానీ కాలర్‌గానీ కుతూహలానికి కూడా విప్పకు. చాలా బోట్లలో చుక్కాని బరువు దాని మీదే వేలాడుతుంది. అది జారిందంటే కింద ట్యూబు సైజు రంధ్రం నోరు తెరుస్తుంది.

నవంబరులో చలికాలానికి ఎలాగూ బోటు ఎత్తిస్తావు, అప్పుడు అన్నీ ఒకేసారి. ఎత్తిన రోజే చుక్కాని కింది అంచు పట్టుకుని ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఊపు, ఇంకొకరిని లోపల గ్లాండు దగ్గర కూర్చోబెట్టి. ఆవగింజంత కదలిక మామూలే. టకటకమని మోగి, పోస్టు గ్లాండులో అటూ ఇటూ కొట్టుకుంటుంటే బేరింగులు పోయినట్టు. అలా ఉంచి కొత్త ప్యాకింగు వేస్తే ఒక్క సీజన్‌లో పీచు పీచవుతుంది. చుక్కాని అడుగు నుంచి గోధుమ రంగు నీళ్లు కారుతున్నాయా అన్నది కూడా చూడు. కారుతుంటే లోపలి ఫోమ్ తడిసింది, మీ దగ్గర చలికి అది గడ్డకట్టి చుక్కాని చర్మాన్ని చీల్చేస్తుంది. పీతల బుట్టల తాళ్లు ఏమైనా చుట్టుకుని ఉన్నాయేమో కూడా చూసుకో, ఎండాకాలంలో ఆ బే నిండా అవే కదా.

మాగోతి బోటు:

బాబాయ్ గారూ, క్లాంపులు ఆర్డర్ పెట్టా. ఎత్తించినప్పుడు చుక్కాని దిగడానికి కింద చోటు ఎలా? పోస్టు నాలుగడుగుల పైనే ఉంటుంది.

గాజువాక ఇంజన్ రూమ్:

రెండు దారులు. ట్రావెల్ లిఫ్టు (బోట్లు ఎత్తే చక్రాల క్రేను) పట్టీల మీద బోటు ఎత్తులో వేలాడుతుండగానే దించడం, లేకపోతే స్టాండ్ల మీద పెట్టి చుక్కాని కింద గొయ్యి తవ్వడం. గొయ్యికి యార్డు ఒప్పుకోవాలి, కాంక్రీటు ఐతే కుదరదు. లిఫ్టు గంటల లెక్కన డబ్బు అడుగుతారు కాబట్టి క్వాడ్రెంటు బోల్టులు, గ్లాండు నట్లు అన్నీ ముందు రోజే ఒకసారి వదిలించి మళ్లీ బిగించి ఉంచు. పై కాలర్ మాత్రం చుక్కాని కింద జాకీ, చెక్క దిమ్మలు పెట్టాకే.

హోసు కొనేటప్పుడు ఎగ్జాస్ట్ హోసు అంటగడతారు, వద్దను. లోపల వైరు లేని, పొరలు పొరలుగా మందంగా ఉండే స్టఫింగ్ బాక్స్ (గ్లాండుకి ఇంకో పేరు) హోసు అని అడుగు. వైరుంటే కోసిన చివర తుప్పు పట్టి లోపల్నుంచి పుచ్చుతుంది. ట్యూబు బయటి వ్యాసం, గ్లాండు కింది కాలర్ వ్యాసం రెండూ క్యాలిపర్‌తో కొలువు, ఆ రెండూ ఒకటే ఉంటాయని అనుకోకు.