ఇద్దరికీ స్కోరు 253, ఒకళ్లకి మూడో ర్యాంకు, ఇంకొకళ్లకి నాలుగు: బోర్డు మీద ర్యాంకులు ఎలా చూపించాలి?

సివిల్_థర్డ్‌ఇయర్ (ఘట్‌కేసర్ సైడ్)

అందరికీ నమస్తే. మా డిపార్ట్‌మెంట్ ఫెస్ట్‌లో ఐస్‌క్రీమ్ పుల్లల బ్రిడ్జి కాంపిటీషన్ పెట్టాం, పుల్లలు బేగంబజార్ నుంచి మేమే తెచ్చి అందరికీ సమానంగా పంచాం, జిగురు కూడా ఒకటే రకం. బ్రిడ్జిని ముందు తూకం వేసి, రెండు టేబుళ్ల మధ్య పెట్టి, నడుమ కొక్కేనికి అరకిలో అరకిలో చొప్పున బరువులు తగిలిస్తూ పోవడం, విరిగే ముందు ఎంత మోసిందో దాన్ని బ్రిడ్జి సొంత బరువుతో భాగిస్తే వచ్చేదే స్కోరు. అంతా బాగానే నడిచింది గానీ ప్రొజెక్టర్ మీద ర్యాంకులు పడ్డాక గొడవ మొదలైంది. ఒక టీమ్ బ్రిడ్జి 174 గ్రాములు, 44 కిలోలు మోసింది. ఇంకో టీమ్‌ది 182 గ్రాములు, 46 కిలోలు. స్క్రీన్ మీద ఇద్దరికీ 253 అనే ఉంది, ర్యాంకు మాత్రం మొదటివాళ్లకి 3, రెండోవాళ్లకి 4. మూడో ప్రైజ్ ఉంది, నాలుగోది లేదు. రెండో టీమ్‌లో అందరూ ఫస్ట్ ఇయర్ పిల్లలే, "అన్నా స్కోరు ఒకటే కదా, మేమెందుకు కింద ఉన్నాం" అని అడుగుతున్నారు. ప్రైజులు సోమవారం ఇవ్వాలి. ఏం చేస్తే న్యాయంగా ఉంటుంది?

షీట్స్_పని_నాదే

బ్రో, స్కోర్లు లెక్కేసిన స్ప్రెడ్‌షీట్‌లో దశాంశాలు కనపడకుండా పెట్టి ఉంటారు, అంతే. 44000ని 174తో భాగిస్తే 252.87, 46000ని 182తో భాగిస్తే 252.75. షీట్ ర్యాంకు వేసేది లోపలున్న అసలు నంబర్ మీద, మన కంటికి కనిపించే నంబర్ మీద కాదు. ర్యాంకు ఏ నంబర్ మీద వేశారో ఆ నంబరే బోర్డు మీద ఉండాలి, లేకపోతే ఎవరైనా అడుగుతారు మరి. 253 అనే చూపించాలనుకుంటే దశాంశాలు తీసేసి దగ్గరి పూర్తి నంబర్ ఇచ్చే రౌండ్ ఫంక్షన్ పెట్టి, వచ్చిన దాని మీద ర్యాంక్ ఈక్యూ (RANK.EQ, సమాన స్కోర్లకి ఒకే ర్యాంకు ఇచ్చే ఫంక్షన్) వేయండి, ఇద్దరికీ 3 వస్తుంది, తర్వాతి టీమ్‌కి నేరుగా 5.

ల్యాబ్ల_ఉంటా

పైన తమ్ముడు చెప్పింది కరెక్టే గానీ దశాంశాలు చూపెడితే పని అయిపోతదా? మీ తూకం మెషిన్ గ్రాము వరకే చూపెడతది కదా. 174 బదులు 175 పడితే ఆ టీమ్ స్కోరు 251.43కి దిగుతది, అంటే ఒక్క గ్రాముకే 1.4 పోయింది. ఇంగ బరువులు అరకిలో చొప్పున వేసిన్రు, ఇంకో అరకిలో మోస్తే స్కోరు 2.7 పైనే పెరుగుతది. మీరు కొట్లాడుతున్న తేడా ఎంత? 0.12. మీ దగ్గరున్న సామానుతోని ఆ తేడా కొలవనే కొలవలేరు. అట్లాంటప్పుడు ఒకళ్లు మూడు ఒకళ్లు నాలుగు అని రాయడం తప్పు, ఇద్దరూ సమానమే అని రాయాలె. పక్కనే బ్రిడ్జి బరువు, మోసిన బరువు రెండు కాలమ్‌లు పెట్టుండ్రి, ఎవలైనా ఫోన్ తీసి లెక్క చూసుకుంటరు, అనుమానం అక్కడికక్కడే పోతది.

ఉప్పల్_అమ్మాయి

కానీ టై అయితే టైబ్రేక్ పెట్టొచ్చు కదా? ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) మార్కులు సమానమైతే మ్యాథ్స్ చూస్తారు, తర్వాత ఫిజిక్స్, చివరికి వయసు కూడా. తేలిక బ్రిడ్జికి ముందు ర్యాంకు అంటే సరిపోతుందేమో.

ల్యాబ్ల_ఉంటా

ఎంసెట్‌ల ఆ రూల్ పరీక్షకు ముందే రాసి ఉంటదమ్మా. ఇక్కడ రెండు బ్రిడ్జిల బరువులూ తెలిసినంక తేలికదే ముందు అంటే, రూల్ పెట్టినట్టు కాదు, టీమ్‌ని ఎంచుకున్నట్టు. వచ్చే ఏడాది పోస్టర్ మీదనే వేయుండ్రి, అప్పుడు ఎవలూ ఏమనరు. టోక్యో ఒలింపిక్స్ హైజంప్‌ల ఇద్దరికీ గోల్డ్ ఇచ్చిన్రు, సిల్వర్ ఎవలికీ లేదు, తర్వాతాయనకు బ్రాంజ్. దాంతోని ఆ గోల్డ్ విలువేం తగ్గలే.

కోయంబత్తూర్_పోయొచ్చిన_సీనియర్

నేను ఫార్ములా భారత్‌కి, అంటే ఇంజనీరింగ్ స్టూడెంట్స్ తామే తయారుచేసిన రేస్ కార్లతో పోటీపడే ఈవెంట్‌కి, కారు తీసుకెళ్లిన టీమ్‌లో ఉన్నా, కోయంబత్తూర్ కరి స్పీడ్‌వే రేస్ ట్రాక్‌లో. అక్కడ ఆగి ఉన్న కారు 75 మీటర్లు ఎంత తొందరగా పోతుందో చూసే యాక్సిలరేషన్ పోటీలో మన పాయింట్లు అందరికంటే ఫాస్ట్ టీమ్ టైమ్‌ని బట్టి లెక్కగడతారు, అంటే మన టైమ్ మారకపోయినా ఇంకెవరో ఇంకా వేగంగా పోతే మన పాయింట్లు తగ్గిపోతాయి. కొత్తవాళ్లకి అది చూస్తే గుండె జారిపోతుంది. అందుకే చెప్తున్నా, కొలిచింది ఒక కాలమ్, పెనాల్టీ ఒక కాలమ్, పాయింట్లు ఒక కాలమ్, వేటికవి విడిగా ఉండాలి. ఇంకోటి, పెట్టిన లిస్ట్ మీద "తాత్కాలికం" అని పెద్దగా రాసి, అభ్యంతరం ఎన్నింటిలోపు చెప్పాలో టైమ్ వేయండి. మీరు ఇంకా ప్రైజులు ఇవ్వలేదు కాబట్టి ఇప్పటికైనా ఆ పని చేయొచ్చు.

సివిల్_థర్డ్‌ఇయర్

థాంక్యూ అన్నా, అందరికీ. మేడంతో మాట్లాడా, ఇద్దరికీ మూడో ప్రైజ్, ఇద్దరికీ సర్టిఫికెట్, డబ్బులు సగం సగం కాకుండా రెండో టీమ్‌కి కూడా పూర్తిగా ఇచ్చేలా అడుగుతున్నా. కొత్త లిస్ట్ రెండు బరువులతో రేపు నోటీస్ బోర్డులో పెడతాం, ఆదివారం సాయంత్రం దాకా అభ్యంతరాలు. ఇంకో డౌట్, ఒక టీమ్ బ్రిడ్జి కొక్కెం తగిలించేటప్పుడే జిగురు ఊడి పడిపోయింది, దానికి 0 వేసి చివరి ర్యాంకు ఇవ్వాలా?

కోయంబత్తూర్_పోయొచ్చిన_సీనియర్

ర్యాంకు వేయొద్దు. బ్రిడ్జి బరువు రాసి, "టెస్ట్ పూర్తి కాలేదు, జిగురు ఊడింది" అని కారణం రాయండి. 0 అంటే బరువు వేశారు, మోయలేదు అని అర్థం, వాళ్లకి అసలు బరువే వేయలేదు కదా.