దీపపు ఎర కింద తొట్టి నిండుతోంది, కాయ మాత్రం దక్కట్లేదు

పొలంకాపు: టమాటాలో శనగపచ్చ పురుగు కోసం చేను నడుమ దీపపు ఎర పెట్టాను. అతినీలలోహిత ట్యూబు, కింద సబ్బు నీళ్ల తొట్టి. తెల్లారేసరికి తొట్టి నిండా పురుగులే. కానీ దీపం చుట్టూ ఉన్న సాళ్లలోనే పుచ్చు కాయలు ఎక్కువ. ఇంకెవరికైనా ఇలా అయిందా?

మిణుగురు88: నాకూ అయింది అన్నా. వెలుతురుకు వచ్చినవన్నీ తొట్టిలో పడవు. సగం పక్క ఆకుల మీద వాలతాయి, ఆడదైతే అక్కడే గుడ్లు పెడుతుంది. ఎరను చేను బయటికి, గట్టు మీదికి మార్చాక ఆ బాధ పోయింది. ఇంతకీ తొట్టిలో ఏం పడ్డాయో చూశారా?

పొలంకాపు: రెక్కల పురుగులు పిడికెడు. మిగతావి పెంకు పురుగులు, పేరు తెలియనివి.

పచ్చకన్ను: అదే తంటా. అమెరికాలోని డెలావేర్‌లో దోమల్లాంటి కుట్టే పురుగుల కోసం ఇళ్ల దగ్గర పెట్టిన కరెంటు దీపాల్లో చచ్చిన పురుగులను లెక్కపెట్టి 1996లో ప్రకటించారు: 13,789లో కుట్టేవి 31. తొట్టి నిండిందని మురిసిపోతే, పంట పురుగులను తినే అల్లిక రెక్కల పురుగుల్లాంటి మిత్రులనూ మనమే చంపుకుంటాం. నేను పొద్దుగూకాక మూడు గంటలే వెలిగిస్తాను.

మిణుగురు88: వరిలో కాండం తొలిచే పురుగుకు ఆ వేళ సరిపోయింది. శనగపచ్చ మాత్రం నాకు అర్ధరాత్రి దాటాకే ఎక్కువ పడింది. ఇంకోటి, దీపం చుట్టూ రేకులు నిలబెట్టండి. 2024లో అచ్చయిన పరిశోధనలో హైస్పీడ్ కెమెరాలతో చూస్తే, పురుగు దీపం మీదికి దూకట్లేదు, వెలుతురుకు వీపు తిప్పి చుట్టూ తిరుగుతోంది. అలా తిరిగేది రేకుకు తగిలితేనే కింద పడుతుంది.

తోటమాలి_రాత్రి: మీరంతా పిలిచి చంపుతున్నారు, నేను రానివ్వకుండా చూస్తున్నాను. పండ్ల రసం పీల్చే రెక్కల పురుగులకు జపాన్ తోటల్లో రాత్రంతా పసుపు దీపాలు పెడతారు, 580 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి వెలుగు. దాని కన్ను ఇంకా పగలే అనుకుని ఎగరడం, జతకట్టడం తగ్గించేస్తుంది. మా తోటలో కాయకు గాట్లు బాగా తగ్గాయి. కొమ్మల నీడ పడ్డ చోట మాత్రం ఎప్పటిలాగే.

పచ్చకన్ను: చామంతి వేసేవాళ్లు తొందరపడకండి. రాత్రి వెలుతురు పడితే పూత వెనకపడుతుంది.

కొత్తచేను: తెల్లదోమకు ఈ దీపాలు పనిచేస్తాయా?

మిణుగురు88: అది పగటి పురుగు తమ్ముడూ. దానికి పసుపు జిగురు అట్టలే.

పొలంకాపు: ఎర గట్టు మీదికి మార్చాను, నాలుగు రేకులు కట్టాను. మొదటి రాత్రి శనగపచ్చవి 23, నిన్న 9. పురుగు తగ్గినట్టేనా?

తోటమాలి_రాత్రి: పున్నమి దగ్గర పడిందిగా. నిండు వెన్నెల్లో దీపానికి వచ్చేవే తక్కువ. అమావాస్య దాకా లెక్క రాస్తూ ఉండండి, ఈలోగా ఆకు తిప్పి గుడ్లు చూడండి.