మగవాళ్లలో వీర్యకణాల కౌంట్ తగ్గడానికి తల్లి కడుపులో సోకిన రసాయనాలే కారణమా?

నైట్‌షిఫ్ట్: మా తమ్ముడికి కౌంట్ తక్కువని రిపోర్టు వచ్చింది. సిగరెట్ లేదు, మందు లేదు, వేరికోసీల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) లేదు. "కొన్ని తల్లి కడుపులో ఉండగానే తేలిపోతాయి, ప్లాస్టిక్, పురుగుమందుల మీద అనుమానం ఉంది" అన్నారట డాక్టరు. ఇది నిజంగా సైన్సేనా, చేతులు దులుపుకోవడమా?

జీవరసాయనం: సైన్సే. మగ పిండంలో దాదాపు 8 నుంచి 14 వారాల మధ్య టెస్టోస్టిరాన్ తన పని చేసుకోవాలి. అప్పుడు దానికి అడ్డం పడితే తర్వాత సరిదిద్దుకునే వీలు ఉండదు. పెద్దయ్యాక వీర్యకణాలు ఎన్ని తయారవుతాయన్నది వృషణాల్లోని సెర్టోలీ కణాల సంఖ్యను బట్టి ఉంటుంది. ఆ కణాలు పెరగడం మొదలయ్యేది కడుపులోనే. గర్భంతో ఉన్న ఎలుకలకు డీబీపీ అనే థాలేట్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం) ఇస్తే పుట్టిన మగపిల్లల్లో కొన్నిటికి వృషణాలు కిందికి దిగలేదు, మూత్రద్వారం ఉండాల్సిన చోట లేదు. కౌంట్ తగ్గడం, వృషణం దిగకపోవడం, వృషణ క్యాన్సర్, వీటన్నిటికీ మూలం ఒక్కటేనని డెన్మార్క్ డాక్టర్ స్కాకెబెక్ 2001లోనే ప్రతిపాదించారు.

లెక్కలమాస్టారు: ఎలుకలకు ఇచ్చిన డోసెంతో రాయరేం? మన ఒంట్లో చేరేదానికి అది ఎన్నో రెట్లు.

జీవరసాయనం: మాస్టారూ, మనుషుల మీదే చూపిస్తా. 1973 నుంచి 2018 దాకా తీసుకున్న శాంపిళ్ల మీద వచ్చిన అధ్యయనాలు కలిపి లెక్కేస్తే మిల్లీలీటరుకు 10.1 కోట్లున్న కణాలు 4.9 కోట్లకు పడిపోయాయి. సగానికి సగం!

లెక్కలమాస్టారు: మళ్లీ అదే లెక్క. 1973లో ఏ ల్యాబులో లెక్కపెట్టారు, 2018లో ఏ ల్యాబులో? మనిషి మారాడు, పద్ధతి మారింది, శాంపిల్ ఇచ్చేవాళ్లూ మారారు. సరే, తగ్గిందనే అనుకుందాం. కడుపులో సోకిన రసాయనం వల్లే తగ్గిందని ఆ అంకెలో ఎక్కడుంది? ఊబకాయం ఉంది, సిగరెట్ ఉంది. ఇంకోటి వినండి. గర్భం నిలవడానికని అమెరికాలో డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్ ఇచ్చేవారు. 1971లో గర్భిణులకు వద్దన్నారు. దాన్ని తీసుకున్న తల్లుల కొడుకుల్లో అవయవ లోపాలు ఎక్కువగానే కనిపించాయి. కానీ వాళ్లకు పిల్లలు పుట్టడంలో తేడా లేదని 1995లో వచ్చిన పరిశోధన తేల్చింది. అంత ఘాటు హార్మోనే ఆపలేకపోతే మీ ప్లాస్టిక్ టిఫిన్ బాక్సు ఆపుతుందా?

జీవరసాయనం: డీఈఎస్ ఈస్ట్రోజన్ లాంటిది. థాలేట్లు టెస్టోస్టిరాన్ తయారీనే దెబ్బతీస్తాయి. రెండిటికీ ముడిపెట్టి మాట్లాడతారేం?

ల్యాబ్‌గది: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నైట్‌షిఫ్ట్ గారూ, ఒక్క రిపోర్టుతో కంగారుపడొద్దు. కణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది. మధ్యలో గట్టి జ్వరం వచ్చినా కౌంట్ పడిపోతుంది. మూడు నెలలాగి మళ్లీ చేయించండి. మిల్లీలీటరుకు కనీసం 1.6 కోట్లన్న హద్దు కూడా ఇటు పిల్లలు, అటు శూన్యం అని గీసిన గీత కాదు.

మిర్చియార్డు: మీ ఎలుకలు సరే, మా సంగతి వినండి. పత్తికి ఎండోసల్ఫాన్ కొట్టిన రోజుల్లో చేతికి తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు. మా ఆవిడ కడుపుతో ఉండి అదే చేలో కలుపు తీసింది. ఖాళీ అయిన మందు డబ్బాను బూడిదతో తోమి, దాంట్లోనే చేనికి మంచినీళ్లు పట్టుకెళ్లేవాళ్లం. కేరళలో కాసరగోడ్ జీడితోటల మీద హెలికాప్టర్లతో పాతికేళ్లు చల్లారు. అక్కడి మగపిల్లలకు ఈడు ఆలస్యంగా వచ్చిందనీ, టెస్టోస్టిరాన్ తక్కువుందనీ 2003లో రాశారు. సుప్రీంకోర్టు ఆ మందును ఆపింది 2011లో.

లెక్కలమాస్టారు: ఆ పిల్లలు పుట్టాక కూడా అక్కడి నీళ్లే తాగారు కదా. కడుపులో సోకిందేదో, తర్వాత సోకిందేదో ఎలా విడదీస్తారు?

మిర్చియార్డు: విడదీసి మేమేం చేసుకోవాలండీ?

జీవరసాయనం: మాస్టారు ఒప్పుకోకపోయినా జాగ్రత్తలో తప్పేముంది? గర్భిణులు వేడన్నం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోకుండా, థాలేట్లుండే సెంట్లు, గోళ్లరంగులు పక్కన పెడితే కొంతవరకు తప్పుతుంది. ఈ మాత్రం ఓపిక కూడా లేకపోతే పిల్లాడి బతుకు ఎవరు చూస్తారు?

గోదారిగట్టు: ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. ఈ మాట వస్తుందని తెలుసు. మా బాబుకి ఒకవైపు వృషణం దిగలేదు, ఏడాది నిండాక ఆపరేషన్ చేయించాం. ఆస్పత్రి వరండాలోనే మా అత్తగారు మొదలెట్టారు: "కడుపుతో ఉండి ఆ గోళ్లరంగులేంటి, ఆ పార్సిళ్లేంటి." మా ఆయన నోరు విప్పలేదు. నాకు నెల తప్పిందని తెలిసేసరికే ఏడో వారం. మీరు చెప్పిన గడువు 14 వారాలకు ముగుస్తుంది, వాంతులతో మంచం దిగనిది కూడా సరిగ్గా అప్పుడే. సీమంతం నాటికి చెప్పే జాగ్రత్తలు ఎవరికి? పాల ప్యాకెట్టు, నీళ్ల డ్రమ్ము, సెలైన్ గొట్టం... ఏది మానమంటారు?

లెక్కలమాస్టారు: చూశారా! రుజువు లేని మాట చివరికి తల్లి నెత్తినే పడుతుంది. నేను మొదట్నుంచీ చెబుతున్నదిదే.

గోదారిగట్టు: మాస్టారూ, నన్ను మీ పక్షాన కలుపుకోకండి. మీ మాటలకు అర్థం "రుజువు వచ్చేదాకా ఆగండి" అనేగా. ఆగితే ఎవరి పిల్లలకు దెబ్బ తగిలిందో మిర్చియార్డు గారు రాశారు. అమ్మేవాడు ఇది పిండానికి చెరుపు చేయదని ముందు చూపించాలి. నేను చేశానో లేదో నా చేత లెక్క చెప్పించడం కాదు.

జీవరసాయనం: నా ఉద్దేశం అది కాదమ్మా.

గోదారిగట్టు: ఉద్దేశం కాదు, సలహా చూడండి. అందులో అమ్మేవాడి పేరే లేదు.

లెక్కలమాస్టారు: అన్నిటికీ ముందే రుజువు చూపించమంటే మార్కెట్లోకి ఏదీ రాదు. ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్ ఎ వద్దంటే బిస్ఫినాల్ ఎస్ తెచ్చారు, దాని మీదా అదే అనుమానం. మరి రైతు రేపు చేలో ఏం కొట్టాలి?

మిర్చియార్డు: రైతు పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. మందు డబ్బా మీద రంగు గుర్తుంటుందిగా, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. అందులో కడుపులో బిడ్డ సంగతి ఉందా?

జీవరసాయనం: లేదు. ఎంత మోతాదుకు జంతువులు చచ్చిపోతాయో చూసి ఆ రంగు ఇస్తారు. హార్మోన్ల సంగతి ఆ రంగులోకి రాదు.

మిర్చియార్డు: మరి ఆకుపచ్చ గుర్తున్న మందు కొట్టేరోజు ఆడవాళ్లను చేలోకి రావద్దని మాకు ఎవరూ చెప్పలేదే!