అయస్కాంత క్షేత్రం పని జరపదు కదా, మరి కణం ధ్రువం దగ్గర వెనక్కి ఎలా మళ్లుతుంది?

చిత్రరేఖ:
ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. వాన్ అలెన్ బెల్టుల మీద, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాలతో లోపల, బయట ఏర్పడిన పట్టీల మీద, సెమినార్ ఇవ్వాలి. రెండు రోజులుగా ఒకే చోట ఆగిపోయాను. అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటుంది, కాబట్టి గతిజశక్తి మారదు. అంతవరకు సరే. కానీ ఎలక్ట్రాన్ బలరేఖ వెంట ఉత్తరానికి వెళ్లి, అక్కడ ఆగి, దక్షిణానికి మళ్లుతుందని పుస్తకంలో ఉంది. ఆగితే ఆ శక్తంతా ఎటు పోయినట్టు? మ్యూ (చుట్టు తిరిగే వేగపు వర్గాన్ని క్షేత్రబలంతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉండే విలువ) స్థిరమని సూత్రం రాయగలను. "ఎందుకు?" అని ఎవరైనా అడిగితేనే టెన్షన్.

సుడిదారి:
ఆగేది కణం కాదండీ, దాని ముందడుగు ఒక్కటే. మళ్లే చోట అది రేఖ చుట్టూ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ముందుకు పోయే వేగమంతా చుట్టు తిరిగే వేగంగా మారిపోయింది, అంతే. శక్తి ఎక్కడికీ పోలేదు.

ఎందుకు మారుతుందో తెలియాలంటే ఒక బొమ్మ గీసి చూడండి. బలరేఖలు సమాంతరంగా ఉన్నంతసేపూ బలం కణాన్ని చుట్టు మధ్యకే లాగుతుంది. ధ్రువం వైపు రేఖలు దగ్గరపడతాయి. అప్పుడు చుట్టు అంచున ఉన్న కణం దగ్గర రేఖ కాస్త లోపలికి వాలి ఉంటుంది. బలం ఆ వాలిన రేఖకు లంబంగా ఉండాలి కాబట్టి, అదీ కొద్దిగా వెనక్కి వాలుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ కొద్దిపాటి వెనక్కి లాగుడు తగులుతూనే ఉంటుంది.

లెక్క కూడా తేలికే. భూమధ్యరేఖ దగ్గర కణం రేఖతో 30 డిగ్రీల కోణం చేస్తుందనుకోండి. మ్యూ స్థిరం కాబట్టి కోణపు సైన్ వర్గం క్షేత్రంతో పాటే పెరుగుతుంది. సైన్ 30 వర్గం పావు, సైన్ 90 వర్గం ఒకటి. కాబట్టి క్షేత్రం 4 రెట్లయిన చోట కోణం 90 అవుతుంది. అక్కడే మళ్లుతుంది.

నాకిది నిజంగా ఒంటబట్టింది ప్రోగ్రాం రాశాకే. భూమి కేంద్రం నుంచి 4 భూవ్యాసార్ధాల దూరంలో 1 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి గల ఎలక్ట్రాన్‌ను వదిలాను. మొదట కణం దారిని చిన్న చిన్న అడుగులుగా లెక్కగట్టే ఆయిలర్ పద్ధతి వాడితే చుట్టు చుట్టుకీ శక్తి పెరిగిపోయింది. అది భౌతికశాస్త్రమే అనుకుని ఒక సాయంత్రమంతా కారణం వెతికాను. తప్పు పద్ధతిది. అయస్కాంత క్షేత్రంలో శక్తి మారకుండా అడుగులు లెక్కగట్టే బోరిస్ పద్ధతికి మారగానే శక్తి అంకె కదలకుండా నిలబడింది. అప్పుడు కనిపించింది అసలు ఆట: భూమధ్యరేఖ దగ్గర సుమారు 10 కిలోమీటర్ల వ్యాసార్ధంతో సెకనుకు కొన్ని వేల చుట్లు, సెకను తిరక్కుండానే ఉత్తరం నుంచి దక్షిణానికి పోయి రావడం, ఈ రెండూ జరుగుతుండగానే పావుగంటకు కాస్త అటూ ఇటూగా భూమి చుట్టూ తూర్పుగా ఒక ప్రదక్షిణ. ప్రోటాన్ అయితే పడమరకు జరుగుతుంది.

చిత్రరేఖ:
బొమ్మ గీశాను, ఆ వాలు కనిపించింది! అయితే అన్ని కణాలూ మళ్లుతాయా?

సుడిదారి:
లేదు. రేఖకు మరీ దగ్గర కోణంలో వచ్చేవి మళ్లే చోటు చేరకముందే వాతావరణంలో పడి పోతాయి. దీన్నే లాస్ కోన్ అంటారు. 4 భూవ్యాసార్ధాల దగ్గర అది సుమారు 5 డిగ్రీలే. అంత సన్నని కన్నం కాబట్టే బెల్టులో కణాలు అంతకాలం నిలుస్తాయి. కోరస్ తరంగాల (బెల్టుల ప్రాంతంలో పుట్టే ఒక రకం విద్యుదయస్కాంత తరంగాల) లాంటివి వాటి కోణాన్ని కదిపితే మాత్రం ఆ కన్నంలోకి జారతాయి.

దిక్సూచి:
ఒక మాట కలుపుతాను. కణం మళ్లేది ఎత్తును బట్టి కాదు, క్షేత్రం బలాన్ని బట్టి. భూమి అయస్కాంత కేంద్రం అసలు కేంద్రం నుంచి 500 కిలోమీటర్లకు పైగా పక్కకు ఉంది. అందువల్ల దక్షిణ అట్లాంటిక్ మీద క్షేత్రం బలహీనం. అక్కడ కణం తనకు కావలసినంత క్షేత్రం దొరికే దాకా ఇంకా కిందికి దిగాలి. లోపలి బెల్టు ఆ ప్రాంతంలో సుమారు 200 కిలోమీటర్ల ఎత్తు దాకా వచ్చేస్తుంది. హబుల్ టెలిస్కోపు అటుగా పోయేటప్పుడు పరిశీలనలు ఆపుకునేది ఇందుకే. సెమినార్‌లో ఈ ఉదాహరణ తప్పక చెప్పండి.

చిత్రరేఖ:
చెబుతానండీ. 30 డిగ్రీల లెక్క డైపోల్ సూత్రంలో (భూమిని రెండు ధ్రువాల కడ్డీ అయస్కాంతంగా తీసుకునే సూత్రంలో) వేశాను. క్షేత్రం 4 రెట్లయ్యేది సుమారు 33 డిగ్రీల అక్షాంశం దగ్గర. సరేనా?

సుడిదారి:
సరిగ్గా అంతే. 4 బదులు 6 భూవ్యాసార్ధాలు పెట్టి చూడండి, అదే 33 వస్తుంది.