పలికించెడివాడు బలవంతం చేశాడా?

అమలాపురం: మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. "అత్తయ్య నాచేత ఇంకో రెండు గారెలు తినిపించింది" అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చమన్నారట. మేక్ వాడాలా, ఫోర్స్ వాడాలా అని అడిగాడు. చెబుదామంటే పోతన గారు అడ్డొచ్చారు. "పలికెడిది భాగవతమట, పలికించు విభుండు రామభద్రుండట..." ఆ 'పలికించు'కి ఏ క్రియ వేస్తాం? రాత్రి నుంచి బుర్రలో అదే నలుగుతోంది.

పాలకొల్లు: 'పలికించు విభుండు' కాదండీ, 'పలికించెడివాడు'. పైన 'పలికెడిది', వెంటనే 'పలికించెడివాడు'. ఆ 'ఎడి' జంట విడదీస్తే చెవికి సగం పద్యమే మిగులుతుంది.

రాజోలు: రెండూ కందంలో ఇముడుతున్నాయి కదండీ. పలికిం-చెడివా-డు రామ, పలికిం-చు విభుం-డు రామ. ఆరో గణం జగణం ఎటూ దక్కుతోంది. నా ఓటు విభుండికే. మనుజేశ్వరాధములకు కావ్యం ఇవ్వనన్న కవి ఇంకెవరిని విభుడంటాడు?

భీమవరం: అడిగింది ఇంగ్లిష్ సంగతి. వద్దంటున్నా చేయిస్తే ఫోర్స్. మేక్‌కి అంత పట్టింపు లేదు, ఇష్టంగా చేసినా సరే, లేకున్నా సరే. మేక్ తర్వాత టు రాదు, ఫోర్స్ తర్వాత వస్తుంది. పాసివ్‌లో మాత్రం మేక్‌కీ టు వచ్చేస్తుంది, పిల్లలకి మార్కులు పోయేది అక్కడే. మనకి రెంటికీ 'ఇంచు' ఒక్కటే. అన్నప్రాశన నాడు పాయసం నాకించడమూ తినిపించడమే. మొన్న మా వియ్యాలవారింట్లో విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితే వేళ్ల సందులోంచి నెయ్యి పోశారు, అదీ తినిపించడమే.

మండపేట: దానికి మొహమాటపెట్టడం అని మన మాట ఉండగా ఫోర్స్ ఎందుకండీ? అసలు రూపం మొగమాటం. ఎదుటివారి మొగం చూసి మాట ఆగిపోవడం అని నా నమ్మకం.

రాజోలు: మా అమ్మమ్మ మోమోటం అనేది. మోటంలో మాట ఎక్కడుంది?

ముమ్మిడివరం: బలవంతం దగ్గరికి రండి. సుమతిలో 'బలవంతమైన సర్పము' బలమున్న పాము, ఎవరినో ఒత్తిడి చేసింది కాదు. ఫోర్సూ అంతే, బలమూ అదే, బలవంతమూ అదే. మా శివారు చేలవాళ్లు "కాలవలో ఫోర్సు లేదు" అంటారు. ఫోర్సుంటే ఇంజనుతో తోడక్కర్లేదు, తూము ఎత్తగానే నీరు చేలోకి ఎక్కేస్తుంది. పోతనని పలికించింది ఆ ఫోర్సే అనుకుంటాను.

పాలకొల్లు: ఆయ్, ఆ పోలిక బావుంది. అయినా 'ఎడి' వదలను. నాలుగో పాదం చూడండి, 'పలికెద' అన్నాడు. బలవంతానికి లొంగినవాడి మాటలా ఉందా అది?

రాజోలు: దానికి ముందు మూడు 'అట'లున్నాయి. భాగవతమట, రామభద్రుండట, భవహరమగునట. మూడూ విన్న మాటలు. 'పలికెద' ఒక్కటే తన సొంతం. మా నాన్నగారు అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని చదివేవారు.

మండపేట: మోమోటం కూడా మోము లోంచే కదండీ. నా మొగం నాకు దక్కింది.

అమలాపురం: వాడు మేక్ రాసుకుని, టు లేకుండానే, బడికి వెళ్లిపోయాడు. నా నోటికి ఇంకా విభుండే వస్తున్నాడు. సాయంత్రం మా మామ్మ చేత చదివిస్తాను, ఆవిడ పుస్తకం చూడదు.